కూర్చునే చోటు కుదరాలి

తలనొప్పి వస్తే పక్క మగ్గం మీదున్నవాడికి చెప్తాం. మోకాళ్లు లాగుతుంటే ఇంటికొచ్చిన చుట్టాలకూ చెప్తాం. సైకిల్ సీటు మీద తొడల సందు ఒరుసుకుపోతే, పిరుదుల మీద సెగ్గడ్డ లేస్తే మాత్రం నోరు మెదపం. నాలుగు రోజులు కాళ్లు ఎడంగా వేసి నడుస్తాం. ఐదో రోజు మళ్లీ అదే సైకిల్, అదే సీటు, అదే పద్ధతి. ‘కష్టజీవికి ఇవన్నీ మామూలే’ అని మనకు మనమే సర్ది చెప్పుకుంటాం.

ఆ సర్దుబాటు మాటను ఈ అధ్యాయంలో పక్కన పెడదాం. సీటు వల్ల వచ్చే నొప్పి కష్టానికి కట్టవలసిన పన్ను కాదు. అది సైకిల్‌లోనో, బట్టలోనో, అలవాటులోనో ఉన్న లోపం. లోపం ఎక్కడుందో తెలిస్తే ఒక పానాతో, ఒక బకెట్ నీళ్లతో, పొడి బట్టతో చాలామటుకు పోతుంది.

ఇల్లొక చోట, మగ్గమొక చోట

షోలాపూర్ తూర్పు భాగంలో తెలుగు వినపడని గల్లీ అరుదు. సాకర్ పేట, భవానీ పేట, కన్నా చౌక్, అశోక్ చౌక్, దత్త నగర్, నీలం నగర్... తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాన్ని నమ్ముకుని తరాల క్రితం వచ్చిన పద్మశాలి కుటుంబాలు నిలదొక్కుకున్న చోట్లివి. చేతిమగ్గం రోజుల్లో ఇల్లూ పనీ ఒకే కప్పు కింద ఉండేవి. లేచి నాలుగడుగులు వేస్తే మగ్గం గుంట. పవర్‌లూమ్‌లు వచ్చాక పని కార్ఖానాల్లోకి, అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లోకి మారింది. ఇళ్లు ఊరి అంచులకు జరిగాయి. 2006లో కుంభారి దగ్గర బీడీ కార్మిక మహిళల కోసం గోదూతాయి పరుళేకర్ పేరుతో 10,000 ఇళ్ల కాలనీ వచ్చింది. 2024 జనవరి 19న అటువైపే రే నగర్‌లో మరో 15,000 ఇళ్లను కార్మికులకు అప్పగించారు. చేనేత, పవర్‌లూమ్, బీడీ కార్మికులు వాటి హక్కుదారుల్లో ఉన్నారు. సొంతిల్లు దక్కడం పెద్ద సంగతే. దాంతోపాటు పనికి వెళ్లే దూరం కూడా పెరిగింది. ఆ దూరాన్ని బండి కొనలేనివాళ్లు సైకిల్ మీదే దాటుతున్నారు.

పైగా మన పని తీరు ఈ నొప్పికి అనువైనది. షిఫ్టంతా లూమ్‌ల మధ్య నిలబడి తిరగాలి. షెడ్డులో గాలి ఆడదు, దూది నుసి ఎగురుతుంటుంది, చెమటకు లోబట్ట తడిసి ముద్దవుతుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊరు మనది. ఆ తడి బట్టతోనే, అలసిన ఒంటితోనే సైకిలెక్కి ఇంటికి బయల్దేరతాం. పొద్దున పోయేటప్పుడు లేని మంట సాయంత్రం వచ్చేటప్పుడు ఎందుకు పుడుతుందో ఇక్కడే తెలుస్తుంది.

మూడు నొప్పులను విడదీసి చూడండి

‘సీటు నొప్పి’ అని ఒకే మాట అంటాం గానీ అందులో మూడు వేర్వేరు బాధలున్నాయి. మూడింటికీ మందు వేరు. ముందు మీది ఏదో తేల్చుకోండి.

మొదటిది ఎముక నొప్పి. గట్టి బల్ల మీద కూర్చుని రెండు అరచేతులూ పిరుదుల కింద పెడితే రెండు గుండ్రటి ఎముకలు తగులుతాయి. కూర్చున్నప్పుడు ఒంటి బరువు మోయడానికి ఉన్నవి అవే. కొత్తగా సైకిల్ మొదలుపెట్టినవాళ్లకు, చాలా రోజుల తర్వాత మళ్లీ ఎక్కినవాళ్లకు అక్కడ గాయపడ్డట్టు నొప్పి ఉంటుంది. సీటు సరైనదైతే వారం పది రోజుల్లో అదే తగ్గుతుంది. దీనికి భయపడక్కర్లేదు. దూరం కాస్త తగ్గించి, అలవాటు తప్పకుండా తొక్కితే ఒళ్లే సర్దుకుంటుంది.

రెండోది చర్మం మంట. తొడల లోపలి వైపు, గజ్జల దగ్గర, పిరుదుల మడత దగ్గర ఎర్రబడి మండుతుంది. దానికి మూలం తడి, రాపిడి. పట్టించుకోకపోతే వెంట్రుక కుదుళ్లలో చీముపొక్కులు లేస్తాయి. ఇంకా పట్టించుకోకపోతే సెగ్గడ్డ అవుతుంది. ఇది అలవాటుతో పోదు. రోజులు గడిచేకొద్దీ ముదురుతుంది.

మూడోది తిమ్మిరి. దీన్ని అందరికంటే ఎక్కువ దాచేది మగవాళ్లు. మూత్రద్వారానికీ మలద్వారానికీ మధ్య ఉన్న మెత్తటి భాగం గుండా మర్మాంగాలకు వెళ్లే నరాలూ రక్తనాళాలూ పోతాయి. సీటు ముక్కు పైకి లేచి ఉన్నా, సీటు ఇరుకై ఎముకలకు ఆనకపోయినా బరువంతా అక్కడ పడుతుంది. అప్పుడు స్పర్శ తెలియకుండా పోతుంది. తిమ్మిరి వచ్చిందంటే సీటును ఆ రోజే సరిచేయాలి. ‘దిగితే పోతుందిలే’ అని వదలకూడదు.

సైకిల్ మీద ఉద్యోగం చేసేవారిలో ఈ తిమ్మిరి మీద అమెరికాలో ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ పరిశోధన చేసింది. సైకిల్ గస్తీ తిరిగే 90 మంది పోలీసులకు ముక్కు లేని సీట్లు ఇచ్చి ఆరు నెలల తర్వాత అడిగింది. మొదట్లో తిమ్మిరి లేదని చెప్పినవారు 27 శాతం. ఆరు నెలల తర్వాత ఆ మాట చెప్పినవారు 82 శాతం. ఒంటికి కొత్త మందు ఏమీ ఇవ్వలేదు. మారింది సీటు ఒక్కటే. నేర్చుకోవలసిన పాఠం అదే.

సిగ్గు వదలండి, ఛాంపియన్లకూ వచ్చింది

ఐర్లాండ్‌కు చెందిన షాన్ కెల్లీ 1987లో స్పెయిన్ దేశపు మహా సైకిల్ పందెం వుల్టాలో అందరికంటే ముందున్నాడు. పందెం ముగియడానికి కొద్ది రోజుల ముందు సీటు దగ్గర పుండు వల్ల తప్పుకోవలసి వచ్చింది. మరుసటి ఏడు తిరిగొచ్చి అదే పందెం గెలిచాడు. 1989 టూర్ ద ఫ్రాన్స్‌లో లారాన్ ఫిన్యోన్ చివరి రోజు దాకా ముందున్నాడు. సీటు పుండు బాధతోనే ఆఖరి దశ తొక్కి, మొత్తం మీద కేవలం 8 సెకన్ల తేడాతో గ్రెగ్ లెమాండ్‌కు టైటిల్ వదులుకున్నాడు. ప్రపంచంలోనే మేటి సైకిళ్లు, వెంట డాక్టర్లు ఉన్నవాళ్లకే వచ్చిన బాధ ఇది. కార్ఖానా నుంచి ఇంటికి తొక్కే మనిషికి వస్తే సిగ్గుపడేదేముంది? కెల్లీ తప్పుకున్నాడు, మానాక గెలిచాడు. ఆగవలసిన చోట ఆగడం ఓటమి కాదు.

సైకిల్‌ను మగ్గంలా సరిచేయండి

పడుగు దారం మాటిమాటికీ తెగుతుంటే నేర్పరి నేతగాడు దారాన్ని తిట్టడు. బిగువు చూస్తాడు, పన్నె చూస్తాడు, నాడె ఎక్కడ ఒరుస్తోందో చూస్తాడు. ఒక్కొక్కటే కదిపి, నేసి చూసి, తర్వాతది ముట్టుకుంటాడు. సీటు విషయంలో కూడా అదే చేయండి. ఒకేసారి అన్నీ మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. ఈ కింది వరసలో, ఒక్కో మార్పుకు రెండు మూడు రోజులు ఇవ్వండి.

మొదట ఎత్తు. మన వీధుల్లో ఎక్కువ సైకిళ్లకు సీటు కిందికి ఉంటుంది, రెండు పాదాలూ నేలకు ఆనాలని. అలా ఉంటే కాళ్లు పెడల్‌ను గట్టిగా తొక్కలేవు, బరువంతా పిరుదుల మీదే కూలబడుతుంది. కొందరికి అన్నదమ్ముల సైకిల్ కావడం వల్ల సీటు మరీ ఎత్తుగా ఉంటుంది. అప్పుడు పెడల్ అందుకోవడానికి నడుము కుడికీ ఎడమకూ ఊగుతుంది. ఆ ఊగుడే చర్మాన్ని ఒరిసేది. సరైన ఎత్తు తెలుసుకోవడానికి గోడ పక్కన సైకిల్ నిలిపి ఎక్కండి. పెడల్‌ను పూర్తిగా కిందికి దించి దాని మీద మడమ ఆనించండి. కాలు నిటారుగా చాపుకోవాలి, నడుము ఒరగకూడదు. అది సరిపోతే, ముంగాలితో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. కావలసింది అదే.

లెక్క కావాలంటే ఇంకో పద్ధతి ఉంది. చెప్పులు లేకుండా గోడకు ఆని నిలబడి, కాళ్ల మధ్య ఒక అట్ట పుస్తకం పైకి ఆనించి, అక్కడి నుంచి నేల దాకా కొలవండి. దాన్ని 0.883తో గుణించండి. కొలత 80 సెంటీమీటర్లైతే 70.6 వస్తుంది. క్రాంక్ నడిమధ్య నుంచి సీటు పై భాగం దాకా అంత దూరం ఉండాలి. ఇది పందెం సైకిళ్లకు పుట్టిన లెక్క. రద్దీలో ఆగి ఆగి పోయే మనకు ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గించుకున్నా తప్పులేదు. సీటు రాడ్డు మీద ‘ఇంతకంటే పైకి లాగవద్దు’ అనే గీత ఉంటే దాన్ని దాటించకండి, రాడ్డు విరుగుతుంది.

రెండోది మట్టం. సీటు మీద పొడవుగా ఒక చెక్క పెట్టి, దాని మీద మేస్త్రీ రసమట్టం పెట్టండి. రసమట్టం లేకపోతే సీసాలో సగం నీళ్లు పోసి పడుకోబెట్టి చూడండి. సీటు సమంగా ఉండాలి. ముక్కు పైకి లేస్తే మెత్తటి భాగం నలిగి తిమ్మిరి పుడుతుంది. మరీ కిందికి వంగితే మనిషి ముందుకు జారుతుంటాడు, ప్రతి జారుడుకూ చర్మం ఒరుస్తుంది, చేతులు నొప్పి పుడతాయి. తిమ్మిరి ఉన్నవాళ్లు ముక్కును సమానం కంటే వెంట్రుకవాసి దించుకోవచ్చు. పాత సైకిళ్లకు సీటు కింది నట్లు వదులై ముక్కు తనంతట తానే లేస్తుంది. ఒక పక్క స్ప్రింగు విరిగితే సీటు ఒక వైపుకు వాలి ఆ వైపు తొడే ఒరుస్తుంది. ఎప్పుడూ ఒకే పక్క మంట వస్తుంటే ముందు ఆ స్ప్రింగు చూడండి.

మూడోది ముందు వెనకలు. పెడల్ రెండూ నేలకు సమానంగా ఉండేలా నిలిపి, ముందున్న కాలి మోకాటి చిప్ప నుంచి ఒక దారం వదలండి. దారం కొనకు ఒక నట్టు కడితే నిటారుగా వేలాడుతుంది. అది పెడల్ ఇరుసు దగ్గరికి రావాలి. సీటు మరీ వెనక్కి ఉంటే హ్యాండిల్ అందక మనకు తెలియకుండానే సీటు ముక్కు మీదికి జరిగి కూర్చుంటాం. వెడల్పైన చోటు వెనకే ఖాళీగా మిగిలిపోతుంది. హ్యాండిల్ మరీ కిందికి ఉన్నా ఇదే ఇబ్బంది. దాన్ని కొద్దిగా పైకెత్తుకోండి.

మెత్తన ఎప్పుడూ మేలు చేయదు

నొప్పి పుట్టగానే మనం చేసే మొదటి పని సీటు మీద స్పాంజి కవరు తొడగడం, లేదా పాత టవల్ మడిచి కట్టడం. మొదటి కిలోమీటర్ హాయిగా ఉంటుంది. తర్వాత రెండు ఎముకలూ ఆ మెత్తటి దాంట్లోకి దిగబడతాయి, మధ్యలోని స్పాంజి ఉబ్బి సరిగ్గా నరాలున్న చోటును పైకి నొక్కుతుంది. ఎముక నొప్పి తగ్గి తిమ్మిరి మొదలవుతుంది. వేలితో నొక్కితే కొద్దిగా లోపలికి పోయి తిరిగి లేచే గట్టి సీటే ఎక్కువ దూరం మోస్తుంది.

మెత్తన కంటే వెడల్పు ముఖ్యం. ఆ కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. చద్దర్ల ప్యాకింగ్ డబ్బా అట్టలాంటి గరుకు గీతల అట్ట ముక్కను గట్టి స్టూలు మీద పరచి, పలచటి బట్టతో కూర్చోండి. పాదాలు కొద్దిగా పైకెత్తి నిమిషం ఆగండి. లేస్తే రెండు గుంటలు పడి ఉంటాయి. వాటి నడిమధ్యల దూరం పెద్దవాళ్లలో ఎక్కువగా 10 నుంచి 14 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. నిటారుగా కూర్చుని తొక్కే పెద్ద సైకిల్‌కు, ఆ దూరం కంటే నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువ వెడల్పున్న సీటు కావాలి. కొద్దిగా ముందుకు వంగి తొక్కే గేర్ల సైకిల్‌కు రెండు సెంటీమీటర్లు ఎక్కువైతే చాలు.

ఈ మధ్య కుర్రాళ్లు కొనే సైకిళ్లలో చిక్కు ఇక్కడే ఉంది. చూపుకు పందెం సైకిల్, సీటు సన్నం, కూర్చునే తీరు మాత్రం నాన్న సైకిల్ మీద కూర్చున్నట్టే నిటారు. సన్నటి సీటు వంగి తొక్కేవాళ్లకు. నిటారుగా కూర్చునేవాడి ఎముకలు దాని అంచులు దాటి గాలిలో ఉంటాయి. నాన్న సైకిల్‌కున్న వెడల్పాటి స్ప్రింగు సీటు పాతకాలపుదని తీసిపారేయకండి. ఇంగ్లండులో గుర్రపు జీనుల తోలు పని చేసే జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ తన గుర్రం చనిపోయాక సైకిలెక్కి, దాని సీటు భరించలేక, 1882లో మెరుగైన తోలు సీటుకు పేటెంటు తీసుకున్నాడు. మన పెద్ద సైకిళ్ల మీద తరాలుగా చూస్తున్న సీట్లలో ఆ రకం ఆలోచనే ఉంది. సీటు బాగున్నప్పుడు పైన గుచ్చుకునే రివిట్లు, చిరిగిన కవరు అంచులు సరిచేయించుకుంటే చాలు.

బట్ట సంగతి మనకు తెలియనిదా?

చద్దరుకూ టెర్రీ టవల్‌కూ జీఐ గుర్తింపు తెచ్చుకున్న ఊరు మనది. బట్ట చెమటను ఎలా పట్టుకుంటుందో షోలాపూర్ మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. టెర్రీ టవల్‌కు లూపులు ఎందుకు వేస్తాం? నీరు ఎక్కువ పీల్చాలని. ఆ గుణమే సీటు మీద శత్రువు. టవల్ మడిచి సీటుకు కడితే అది చెమట పీల్చి, తడి పట్టుకుని, లూపులతో చర్మాన్ని గీరుతుంది.

నూలు దారం మామూలు గాలిలోనే తన బరువులో సుమారు 8.5 శాతం తేమ పట్టుకుంటుంది. పాలియెస్టర్ 0.4 శాతమే. అందుకే దూర ప్రయాణాలకు ఒంటికి అతుక్కునే, త్వరగా ఆరే సింథటిక్ సైకిల్ నిక్కర్లు వాడతారు. వాటి లోపల మెత్తటి ప్యాడ్ ఒకటి ఉంటుంది, అతుకులు ఒరుసుకోని చోటుకు జరిగి ఉంటాయి. వాటి కింద డ్రాయరు వేయకూడదు. వేస్తే దాని అతుకులే గుచ్చుకుంటాయి.

రోజూ అయిదారు కిలోమీటర్లు తొక్కేవాళ్లకు అంత ఖర్చు అక్కర్లేదు. నూలు లోబట్టలే వాడండి, కానీ మూడు నియమాలు పాటించండి. ఒకటి, తొడల మధ్య లావు అతుకు లేనిది ఎంచుకోండి. జీన్స్ ప్యాంటు నాలుగు అతుకులు కలిసే ముడి సరిగ్గా కూర్చునే చోటే ఉంటుంది, దాన్ని పండుగలకు ఉంచుకోండి. రెండు, వదులుగా ముడతలు పడేది వద్దు. మూడోది అన్నిటికంటే ముఖ్యం: పని ముగిశాక తడి లోబట్ట మార్చకుండా సైకిలెక్కవద్దు. టిఫిన్ సంచిలో ఒక పొడి జత పెట్టుకోండి. ఈ అధ్యాయంలో ఒక్క సలహా మాత్రమే పాటించగలిగితే ఇదే పాటించండి.

ఒంటి శుభ్రత

ఇంటికి చేరగానే స్నానం. రాత్రి షిఫ్టు నుంచి వచ్చినవాళ్లు నిద్ర ముంచుకొస్తున్నా ముందు కడుక్కోవాలి. చెమట ఉప్పు, దూది నుసి, మెషిన్ నూనె చర్మం మీదే ఉంటే వెంట్రుక కుదుళ్లు మూసుకుపోతాయి. మామూలు సబ్బు, మంచి నీళ్లు చాలు, గట్టిగా పీచుతో రుద్దవద్దు. కడిగాక అద్ది, గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ భాగంలో బ్లేడుతో గొరగవద్దు. తిరిగి మొలిచే వెంట్రుక చర్మంలోకి పొడుచుకుని పొక్కులు లేస్తాయి. కావాలంటే కత్తెరతో పొట్టిగా కత్తిరించుకోండి.

ఎక్కువ దూరం పోయేముందు ఒరుసుకునే చోట పలచగా వాజలిన్ రాసుకుంటే చర్మం జారుతుంది, రాపిడి తగ్గుతుంది. పౌడరు చల్లుకునేవాళ్లు ఒకటి గమనించండి: చెమట ఎక్కువైతే పౌడరు ఉండకట్టి ఇసుకలా గీరుతుంది.

దురద పెడుతూ గుండ్రంగా, అంచుల దగ్గర ఎర్రగా పాకుతుంటే అది సీటు ఒరిపిడి కాకపోవచ్చు, తామర కావచ్చు. తామరకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో కొన్నింట్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాయగానే దురద తగ్గుతుంది, లోపల తామర పాకుతుంది, చర్మం పలచబడుతుంది. పేరు తెలియని ట్యూబు ఏదీ గజ్జల్లో రాయకండి. చర్మ డాక్టరుకు చూపించండి.

తొక్కే తీరు

సరైన సీటు మీద కూడా రాయిలా కదలకుండా కూర్చుంటే నొప్పి వస్తుంది. పది నిమిషాలకొకసారి పెడల్ మీద లేచి నిలబడి పది పదిహేను తొక్కుళ్లు తొక్కండి. నలిగిన చోటికి రక్తం తిరిగి పారుతుంది. స్పీడ్ బ్రేకరు, గుంట కనబడగానే పెడల్ రెండూ సమానంగా నిలిపి, మోకాళ్లు వంచి, పిరుదులు సీటు నుంచి కొద్దిగా పైకి తేల్చండి. దెబ్బను మోకాళ్లు మింగుతాయి.

బరువు వీపు మీద వేసుకోకండి. అయిదు కిలోల సంచి భుజాన ఉంటే ఆ అయిదు కిలోలూ చివరికి దిగేది సీటు మీది ఎముకల్లోకే. సంచిని క్యారియర్‌కు కట్టండి. క్యారియర్ మీద నూలు మూట పెద్దదైతే లేచి నిలబడటం కుదరదు. అలాంటప్పుడు దారిలో ఒకసారి దిగి నాలుగడుగులు నడవండి. టైర్లలో గాలి రాయిలా నింపితే ప్రతి గులకరాయీ సీటు దాకా తగులుతుంది, తక్కువైతే సైకిల్ లాగదు. టైరు పక్కన రాసి ఉన్న హద్దుల మధ్య ఉంచుకోండి.

ఆడవాళ్లు, పిల్లలు

ఆడవాళ్లకు కూర్చునే ఎముకల మధ్య దూరం సాధారణంగా మగవాళ్లకంటే ఎక్కువ. మగవాళ్ల సైకిల్ సన్నటి సీటు మీద అక్కచెల్లెళ్లకు నొప్పి రావడం సహజం. పొట్టి ముక్కు, వెడల్పు వెనక, మధ్యలో పల్లం ఉన్న సీటు వాళ్లకు నప్పుతుంది. చుడీదార్ అతుకు, బిగుతు లెగ్గింగ్స్ ముడి చూసుకోవాలి. నెలసరి రోజుల్లో ప్యాడ్ అంచు తొడను ఒరుస్తుంది, తరచుగా మార్చుకోవడం, అంచుల వెంట వాజలిన్ రాసుకోవడం పనిచేస్తాయి. ఈ మాటలు ఆడపిల్లలకు తల్లులే ముందుగా చెప్పాలి. నొప్పి చెప్పుకోలేక సైకిల్ మానేస్తే బడి కూడా దూరమయ్యే ప్రమాదం ఉంది.

పిల్లలు ఎదుగుతారు, సీటు ఎదగదు. మూడు నాలుగు నెలలకొకసారి మడమ పరీక్ష చేసి ఎత్తు పెంచండి. నాన్న సైకిల్ తొక్కే పిల్లవాడు ‘కింద మండుతోంది నాన్నా’ అంటే నవ్వకండి, గదమాయించకండి. ఆ రోజు చెప్పిన పిల్లవాడే రేపు పెద్ద బాధ వచ్చినప్పుడు కూడా మీకు చెప్తాడు.

పుండు పడితే

ఎర్రదనం, మంట మాత్రమే ఉంటే ఒకటి రెండు రోజులు సైకిల్ ఆపి, శుభ్రంగా, పొడిగా ఉంచితే మానుతుంది. చీముపొక్కులు లేస్తే రోజుకు రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాల పాటు గోరువెచ్చని నీటిలో తడిపిన శుభ్రమైన బట్టతో కాపడం పెట్టండి. గిల్లవద్దు, పిండవద్దు, సూదితో పొడవవద్దు. ఇంట్లో దాచుకున్న పాత యాంటీబయాటిక్ మాత్రలు మింగవద్దు.

ఈ కిందివాటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్లాలి: జ్వరం, పెద్దదవుతున్న గడ్డ, చుట్టూ పాకుతున్న ఎర్రదనం, మలద్వారం పక్కన గడ్డ, అదే చోట మళ్లీ మళ్లీ లేచే గడ్డ, దిగిన తర్వాత కూడా గంటల తరబడి పోని తిమ్మిరి, మూత్రం పోయడంలో ఇబ్బంది. షుగర్ ఉన్నవాళ్లు చిన్న పొక్కును కూడా తేలిగ్గా తీసుకోకూడదు. వాళ్లకు గజ్జల్లో భరించలేని నొప్పి, వాపు, జ్వరం కలిసి వస్తే అది ప్రాణం మీదికి తెచ్చే ఇన్ఫెక్షన్ కావచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా సివిల్ ఆస్పత్రికి వెళ్లాలి. డాక్టరు ముందు సిగ్గుపడి ‘కాలు నొప్పి’ అని చెప్పవద్దు. ఉన్న చోటు ఉన్నట్టు చూపించండి.

తుళజాపూర్ దాకా పోవాలంటే

మనవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి భవానీ అమ్మవారి తుళజాపూర్‌కు నడిచి పోతారు, సైకిళ్ల మీదా పోతారు. దూరం దాదాపు 45 కిలోమీటర్లు. రోజూ నాలుగు కిలోమీటర్లు తొక్కే ఒంటిని ఒక్కసారిగా అంత దూరం లాగితే చర్మం తట్టుకోదు. సెలవు రోజున 12 కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారానికి నాలుగో వంతు చొప్పున పెంచుకుంటూ పోతే ఏడో వారానికి 45 అందుతుంది. బయల్దేరే రోజు కొత్త సీటు, కొత్త నిక్కరు వాడకండి. గంటకొకసారి దిగి అయిదు నిమిషాలు నడవండి. తుళజాపూర్ ముందు ఘాట్ ఎక్కుడులో సీటు ముక్కు పైకి లేచి మెత్తటి భాగాన్ని నొక్కుతుంది, అక్కడ దిగి తోసుకుంటూ పోవడం మంచిది. చేరాక స్నానం చేసి, పొడి బట్ట కట్టుకున్న తర్వాతే తిరుగు ప్రయాణం.

ఈ వారం చేయవలసినవి

1. మీ నొప్పి ఎముకదా, చర్మానిదా, తిమ్మిరా? ఒక కాగితం మీద రాసుకోండి.
2. ఆదివారం పొద్దున మడమ పరీక్షతో సీటు ఎత్తు సరిచేయండి.
3. బుధవారం మట్టం చూడండి, నట్లు బిగించండి, స్ప్రింగులు చూడండి.
4. శనివారం దారంతో ముందు వెనకలు చూడండి.
5. సీటుకు కట్టిన టవల్, స్పాంజి తీసి చూడండి.
6. రేపటి నుంచే టిఫిన్ సంచిలో పొడి లోబట్ట పెట్టుకోండి.
7. ఇంటికి చేరగానే స్నానం, ఆ తర్వాతే భోజనం.
8. రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

కార్ఖానా నడిపేవారికి కూడా ఒక విన్నపం. పని ముగిశాక కార్మికుడు ఒళ్లు కడుక్కుని బట్ట మార్చుకోవడానికి ఒక పంపు, నాలుగు గోడల చాటు ఏర్పాటు చేయండి. దాని ఖర్చు కొద్దిది, దానివల్ల తప్పే సెలవులు ఎక్కువ.

ఒంటిని ఓర్చుకోవడం మన పేటల్లో పెద్ద గుణంగా చెప్పుకుంటాం. ఓర్పు గొప్పదే, అది మార్చలేని బాధలకు. పానా తిప్పితే పోయే బాధను ఓర్చుకోవడం ఓర్పు అనిపించుకోదు, మన ఒంటి మీద మనమే చేసే నిర్లక్ష్యం. ఈ పేజీలు చదివాక మీ పక్కన పనిచేసే అన్నకో తమ్ముడికో ఈ సంగతి బాహాటంగా చెప్పండి. వాళ్లకూ అదే బాధ ఉండి ఉంటుంది, వాళ్లూ ఎవరో ఒకరు ముందు నోరు విప్పాలని ఎదురుచూస్తూ ఉంటారు.